కాలవ ఎటుపక్క?

మా గ్రౌండులో గోలు వెనక మెట్ల మీద మా బావని పేరుపెట్టి పిలిచేవాళ్ళు లేరు. అందరికీ ఆయన అల్లుడే. కూతుళ్ళు లేనివాళ్ళు, ఇంకా పెళ్ళే కానివాళ్ళు కూడా "ఏం అల్లుడూ, ఇవాళ మనం గెలుస్తామా?" అని అడుగుతారు. ఇల్లరికం వచ్చినవాడికి ఒక్క మామని భరించడమే కష్టం. మా బావకి మెట్ల నిండా మామలే.

ఆయన అద్దాలు కోస్తాడు. కిటికీలకి, అలమరలకి, ఫోటో ఫ్రేములకి. ఆ కొట్టు మా నాన్నది. నాన్న తర్వాత నేను చూసుకోవాలి కానీ, నాకు గాజంటే భయం, నా వేళ్ళంటే ప్రేమ. అందుకని డ్రైవింగ్ స్కూల్లో చేరి, ఊళ్ళోవాళ్ళకి క్లచ్చు తొక్కడం నేర్పుకుంటూ బతికేస్తున్నాను. మా అక్కని చేసుకుని బావ తన ఊరు వదిలి మా ఇంటికొచ్చాడు, కొట్టులో నాన్న కుర్చీ పక్కన ఇంకో కుర్చీ వేసుకున్నాడు.

కొట్టుతోపాటు మా ఊరి క్లబ్బు కూడా అంటగట్టారు. మా నాన్నకి ఫుట్‌బాల్ విషయంలో ఒకే సిద్ధాంతం ఉంది. "అభిమానం పుట్టుకతో రావాలి. మధ్యలో వచ్చింది మధ్యలోనే పోతుంది." ఈ మాట నా ముందు అన్నప్పుడల్లా నా జెర్సీ వంక చూస్తాడు. నాది సముద్రాల అవతల ఎక్కడో ఉన్న పెద్ద క్లబ్బు జెర్సీ. ఆ ఊరి పేరు నేను పలికే తీరు తప్పని నాకు తెలుసు, అయినా టీవీలో వాళ్ళ ఆట చూసినవాడికి మావాళ్ళ ఆట ఎలా ఆనుతుంది చెప్పండి! పుట్టుకతో అన్నీ వచ్చేస్తే నాకు క్లబ్బూ వచ్చుండాలి, కొట్టూ వచ్చుండాలి. రెండూ బావకే వచ్చాయి.

ఆయన్ని మొదటిసారి నాన్న గ్రౌండుకి తీసుకెళ్ళిన రోజు మేం చిత్తుగా ఓడిపోతున్నాం. ఆట ఉండగానే మెట్లు సగం ఖాళీ అయ్యాయి. నాన్న కూడా లేచి, "పద అల్లుడూ, చూడ్డానికి ఇంకేం మిగల్లేదు" అన్నాడు. "ఇంకా విజిల్ వెయ్యలేదు కదా మామయ్యా" అన్నాడు బావ. కొత్త అల్లుడు కదా, మర్యాదకి అంటున్నాడనుకున్నాం. పదకొండేళ్ళయింది, ఆ మర్యాద ఇంకా వదల్లేదు. వానలో, ఎండలో, జ్వరంలో చివరి విజిల్ దాకా నిలబడతాడు. నాన్న మోకాళ్ళు పాడయ్యాక, ఆయన్ని రెక్కపట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కించి, కూర్చోబెట్టి, తను పక్కన నిలబడతాడు. ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో ఆయనకి ఇప్పటికీ సరిగ్గా తెలియదు. మనకి వ్యతిరేకంగా జెండా లేస్తే మాత్రం ఎత్తినవాడిదే తప్పని గట్టిగా తెలుసు.

అంతా సవ్యంగానే సాగిపోయేది. ఈ సీజను చివరికొచ్చేసరికి మా పరిస్థితి ఆఖరి మ్యాచి మీద వేలాడింది. గెలిస్తే డివిజన్లో ఉంటాం. డ్రా అయినా, ఓడినా కింది డివిజన్లోకి దిగిపోతాం. ఎదుటివాళ్ళు ఎవరయ్యా అంటే, బావ పుట్టిన ఊరి క్లబ్బు. అది చాలదన్నట్టు, వాళ్ళ గోల్‌కీపరు కాలు విరిగి, నెలరోజులుగా వాడి స్థానంలో ఆడుతున్నది బావ సొంత తమ్ముడు.

ఇందులో బావ తప్పంటూ ఉంటే నోటి దురదే. ఎప్పుడో టీ కొట్టు దగ్గర సరదాగా తమ్ముడి కథ చెప్పాడు. చిన్నప్పుడు వాళ్ళ సందులో మూసిన షట్టరు ముందు తమ్ముణ్ణి నిలబెట్టి బావ బంతి కొట్టేవాడట. షట్టరుకి ఒక పక్క మురుగు కాలవ. ఒకసారి అటు దూకి అందులో పడ్డాక, తమ్ముడు మళ్ళీ జన్మలో ఆ పక్కకి దూకలేదట. "ఇంత పెద్దవాడయ్యాడా, క్లబ్బులో ఆడుతున్నాడా, పెనాల్టీ వస్తే ఇప్పటికీ కాలవ లేని పక్కకే దూకుతాడు!" అని బావ పగలబడి నవ్వాడు. అందరూ నవ్వారు. కాలవ ఎటుపక్కో ఆయనా చెప్పలేదు, ఎవరూ అడగలేదు. అప్పుడు అవసరం ఏముంది?

ఇప్పుడు ఊరంతా అదే ప్రశ్న.

మ్యాచికి ముందు మంగళవారం డ్రమ్ము మేస్త్రి కొట్టుకొచ్చాడు. ఆయన తాపీమేస్త్రి, మెట్ల మీద డ్రమ్ము వాయించేది ఆయనే. మా కేకలు ఎప్పుడు లేవాలో, ఎప్పుడు ఆగాలో ఆయన చేతుల్లో ఉంటుంది. వెనక ఇంకో ఇద్దరున్నారు. నేను ఆ పూట సెలవులో ఉండి, నాన్న కుర్చీలో కూర్చున్నాను. బావ బల్ల మీద పెద్ద పలక పరిచి స్కేలు ఆనించాడు.

"కాలవ ఎటుపక్క అల్లుడూ?" అన్నాడు మేస్త్రి, మంచినీళ్ళు అడిగినంత మామూలుగా.

"ఉండండి, ఇది కోసేస్తాను" అన్నాడు బావ. కట్టరు గాజు మీద కిర్రుమని ఒక్క గీతలో ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్ళింది. గీత దగ్గర పట్టుకుని విరిచాడు. పలక రెండయింది. ముక్కలు గోడకి ఆనించి, చేతులు తుడుచుకుని, "అది అడక్కండి మేస్త్రీ" అన్నాడు.

"అడక్కపోతే ఎలా? మన బతుకు దాని మీదే ఉంది."

"పెనాల్టీ వస్తుందో రాదో."

"రాకపోతే గొడవే లేదు. వస్తే? నోటితో కూడా చెప్పక్కర్లేదు. కాలవ ఎటుపక్కో ఆ చెయ్యి ఎత్తు, చాలు. మనవాడు నిన్ను చూసి అటే కొడతాడు. వాడికి చెప్పి ఉంచాను."

"వాడు నా తమ్ముడు మేస్త్రీ. ఈ నెలే వాడికి అవకాశం వచ్చింది. నేను ఎత్తుకుని పెంచినవాడు."

మేస్త్రి వెనకున్న ఇద్దరికీ పదండని సైగ చేశాడు. తర్వాత గడప దాటుతూ, "సరేలే. మీ ఊరు, మీ తమ్ముడు. మా తిప్పలేవో మేం పడతాం" అన్నాడు.

మన భాషలో ఒక సౌకర్యం ఉంది. మనిషిని బయటికి గెంటాలంటే చెయ్యి కూడా ఎత్తనక్కర్లేదు. 'మనం' అనాల్సిన చోట 'మేం' అంటే చాలు. పదకొండేళ్ళలో మెట్ల మీద ఎవరూ బావతో 'మేం' అనలేదు. ఆ మాటకి ఆయన మొహం ఎలా అయిపోయిందో చూసి నాకు మేస్త్రి మీద ఒళ్ళు మండింది. వెనకనుంచి కేకేద్దామనుకునేలోపు బావ ఇంకో పలక బల్ల మీద పరిచాడు. ఈసారి గీత పక్కకి పోయింది, పలక వంకరగా విరిగింది. ఆయన చేతిలో అద్దం వృథా కావడం నేను అప్పుడే చూశాను.

అది మొదలు, వారమంతా అదే వరస. టీ కొట్టు దగ్గర కాలవ, మంగలి షాపులో కాలవ, నా కారులో గేరు మార్చడం రానివాడికి కూడా కాలవే కావాలి. "మీ బావ గోడ మీద పిల్లి గురూ, ఎటు దూకుతాడో వాడికే తెలీదు" అన్నాడొకడు. వాడిచేత ఆ రోజు రివర్సు గేరే వేయించాను, సందు పొడుగునా.

ఇంట్లో అక్క మాత్రం ఏది ఉంటే అది మొహం మీద అనేస్తుంది. "చెప్తే మీ అమ్మ దగ్గరికి ఏ మొహం పెట్టుకుని వెళ్తారు? చెప్పకపోతే మా నాన్న ఎదురుగా కూర్చుని ఎలా తింటారు?" అంది. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. బావ అన్నం కెలుకుతూ కూర్చున్నాడు. విచిత్రం ఏమిటంటే, అందరూ అడిగినా నాన్న ఒక్కడే అడగలేదు. ఎదురుగా కూర్చుని తిని, చెయ్యి కడుక్కుని, "అల్లుడూ, ఆదివారం కాస్త పెందరాళే బయల్దేరదాం, మెట్లెక్కడం ఆలస్యమవుతోంది" అని మాత్రం అన్నాడు.

శుక్రవారం తమ్ముడు ఫోన్ చేశాడు. బావ వసారాలో నిలబడి మాట్లాడుతుంటే నేను బూట్లు విప్పుకుంటున్నాను. ఫోను స్పీకరులో ఉంది, బావ ఎప్పుడూ అలాగే మాట్లాడతాడు.

"అందరూ కాలవ గురించి అడుగుతున్నారటగా?" అన్నాడు తమ్ముడు నవ్వుతూ.

"నీకెవరు చెప్పారు?"

"ఇలాంటివి ఆగుతాయా అన్నయ్యా. చెప్తావా?"

"తెలీదురా. నిద్ర పట్టట్లేదు. ఈ ఒక్క మ్యాచి గెలవకపోతే మేం దిగిపోతాంరా."

అవతల నవ్వు ఆగిపోయింది. బావ నోట్లోంచి ఆ 'మేం' తెలియకుండానే వచ్చింది. నాకు వినబడింది, ఆయనకి వినబడలేదు. ఒకే కంచంలో తిన్న తమ్ముడితో ఎవరైనా అలా అంటారా? తమ్ముడు, "సరే అన్నయ్యా. ఆదివారం కలుద్దాం" అని పెట్టేశాడు. బావ ఫోను వంక చూస్తూ, "వీడికేమైంది, మధ్యలో పెట్టేశాడు?" అని నన్నడిగాడు. సిగ్నలు పోయిందేమోలే అన్నాను.

ఆదివారం మెట్లు నిండిపోయాయి. నాన్నని కూర్చోబెట్టాం. మామూలుగా మా చుట్టూ కిక్కిరిసి ఉండేవాళ్ళు ఆ రోజు బావకి ఇటూ అటూ కాస్త చోటు వదిలి నిలబడ్డారు. మేస్త్రి ఒకసారి ఇటు చూసి, మొహం తిప్పుకుని డ్రమ్ము అందుకున్నాడు. మొదటి సగంలో తమ్ముడు అవతలి గోలులో ఉన్నాడు. మావాళ్ళు ఒక గోలు వేశారు, వాళ్ళూ ఒకటి వేశారు. రెండో సగంలో పక్కలు మారి, తమ్ముడు మా మెట్ల ముందుకొచ్చాడు. వీపు మాకు, మొహం మైదానానికి. వస్తూ వస్తూ బావ వంక చూశాడు కానీ నవ్వలేదు.

ఆ తర్వాత ఆట నరకం. మావాళ్ళు కొట్టిన ప్రతి బంతీ ఆ కుర్రాడి చేతుల్లోకి పోతోంది. వాడు ఆపినప్పుడల్లా మెట్ల మీద తిట్లు, తిట్టినప్పుడల్లా తిట్టినవాడి చూపు బావ మీద. బావ రెయిలింగు పట్టుకున్న చేతులు తెల్లబడ్డాయి. మా బంతి పోస్టుకి కొట్టుకున్నప్పుడు ఆయన గొంతులోంచి వచ్చిన మూలుగు నేనెవరి దగ్గరా వినలేదు, నాన్న దగ్గర కూడా. పెద్ద క్లబ్బు జెర్సీ వేసుకుని నేను గోళ్ళు కొరుక్కుంటున్నాను, సిగ్గులేకుండా.

ఆట ఇక అయిపోవస్తోందనగా, ఎడమ కాలితో కొడతాడని మేం ఎడమకాలోడనే మా కుర్రాణ్ణి వాళ్ళ డిఫెండరు గోలు ముందే పడగొట్టాడు. రిఫరీ విజిల్ వేసి, గోలు ముందున్న తెల్ల మచ్చ వైపు వేలు చూపించాడు. పెనాల్టీ!

ఒక్క అరుపు లేచి, వెంటనే ఆగిపోయింది. డ్రమ్ము ఆగింది. మెట్లన్నీ ఇటు తిరిగాయి. ఇంతమంది కళ్ళు ఒక్కసారి మీద పడితే ఎలా ఉంటుందో పక్కనున్న నాకే తెలిసింది. ఎవరూ అడగలేదు. అడగాల్సినదంతా వారం నుంచి అడిగే ఉన్నారు. ఎడమకాలోడు బంతి మచ్చ మీద పెట్టుకుని తలెత్తాడు. వాడూ బావనే చూశాడు. వాడు టైర్ల షాపులో పనిచేస్తాడు, మాకు ఆడడం అదే మొదటి సీజను. ఆ దూరం నుంచి కూడా వాడి భయం కనబడింది.

ఇటు తిరగనివాడు నాన్న ఒక్కడే. రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని బంతినే చూస్తున్నాడు. గడ్డం అదురుతోంది. బావ నాన్న వంక చూశాడు, తమ్ముడి వీపు వంక చూశాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "క్షమించరా" అన్నాడు, నాకు తప్ప ఎవరికీ వినబడనంత మెల్లగా.

ఎడమ చెయ్యి ఎత్తాడు.

ఎడమకాలోడు చూశాడు. వాడి భుజాలు సడలడం నాకు కనబడింది. ఇక ఖాళీ గోలే కదా అన్నట్టు, నింపాదిగా పరుగెత్తుకొచ్చి, మా ఎడమ పక్కకి బంతిని తోశాడు. కొట్టలేదు, తోశాడు.

తమ్ముడు ఎడమ పక్కకే దూకాడు. బంతిని రెండు చేతులా పొదివిపట్టుకుని లేచాడు.

కాసేపటికి చివరి విజిల్ వేసినా ఎవరికీ వినబడలేదు. మేం దిగిపోయాం. తర్వాత మాటలు మొదలయ్యాయి. "ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడురా!" "తిన్నింటి వాసాలు లెక్కపెట్టాడు!" "చెప్పకపోయినా బాగుండేది, అబద్ధం చెప్పి ముంచాడు!" ఎవడో నీళ్ళ సీసా విసిరాడు. మేస్త్రి అరవలేదు, డ్రమ్ము భుజానికి తగిలించుకుని బావ పక్కనుంచి ఊరికే వెళ్ళిపోయాడు. అన్నిటికన్నా అది తగిలింది. నాన్న లేచి, బావ చెయ్యి అందించినా పట్టుకోకుండా, రెయిలింగు పట్టుకుని ఒక్కో మెట్టూ తనే దిగాడు.

నేనూ బావా చివరిదాకా ఉండిపోయాం. మెట్లు ఖాళీ అయ్యాక తమ్ముడు గ్లౌజులు చంకలో పెట్టుకుని రెయిలింగు దగ్గరికొచ్చాడు.

"ఎడమ చెయ్యి ఎత్తావు కదూ?" అన్నాడు.

"ఎత్తాను." బావ దాచలేదు. "కాలవ పక్కకి ఎలా దూకావురా?"

"నువ్వు చెప్పేస్తావని తెలిసే అన్నయ్యా. శుక్రవారం ఫోన్లో నాతో 'మేం' అన్నావు. ఆ రాత్రి అమ్మకి కూడా చెప్పాను, అన్నయ్య ఇక వాళ్ళ మనిషేనని. వాళ్ళెవరూ నిన్ను నమ్మి ఉండరు. నేను నమ్మాను. నమ్మబట్టే ఆపాను." గెలిచినవాడిలా లేడు. "కోపంగా ఉందా?"

"ఉంది" అన్నాడు బావ. "నీకు?"

"నాకూ ఉంది."

రెయిలింగు మీదుగా ఒకరి భుజం ఒకరు పట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డారు. తర్వాత వాణ్ణి వాళ్ళవాళ్ళు పిలిచారు.

నా ఒళ్ళంతా ఉడికిపోయింది. "పద బావా, ఇప్పుడే పోయి మేస్త్రికి చెప్తాను. అందరి చేతా నీ కాళ్ళు పట్టిస్తాను" అని పరుగెత్తబోతే, బావ నా చొక్కా పట్టుకుని ఆపాడు.

"ఎడమకాలోడు బయటికొచ్చాడా?"

"వాడి సంగతి ఇప్పుడెందుకు?"

"నేను నిజమే చెప్పానని తెలిస్తే వీళ్ళు ఎవరి మీద పడతారు? తెలిసిన పక్కకి బంతిని పిల్లాడిలా తోసినవాడి మీద. రెండేళ్ళ క్రితం ఒక్క తప్పుకి మన డిఫెండర్నొకణ్ణి ఇంటిదాకా తరిమారు. వాడు మళ్ళీ బూట్లు తొడగలేదు. నోరుముయ్యి."

"మరి నాన్నకి?"

"ఇవాళ మామయ్యకీ వద్దు. ఆయన కడుపులో ఏదీ దాగదు."

ఆటగాళ్ళ గేటు ముందు వందమంది దాకా గుమిగూడి ఉన్నారు. సగంమంది నోట అల్లుడి పేరు, సగంమంది నోట ఎడమకాలోడి పేరు. "గుడ్డిగా ఎలా కొట్టాడురా!" అంటున్నాడు మేస్త్రి వెనక నిలబడే మనిషొకడు. గేటు సందులోంచి చూస్తే లోపల మోటార్ సైకిల్ మీద కూర్చుని, హెల్మెట్ పెట్టుకుని, బండి స్టార్టు చెయ్యకుండా ఉండిపోయాడు వాడు. నాన్న గోడ వారగా ఒక దిమ్మ మీద కూర్చుని ఉన్నాడు.

బావ నేరుగా జనం మధ్యకి వెళ్ళాడు. నేను ఆపేలోపే గొంతెత్తాడు.

"ఏమయ్యా, ఏం చెయ్యమంటారు నన్ను? వాడు నా తమ్ముడు! కావాలనే ఆ చెయ్యి ఎత్తాను. మీ క్లబ్బు పోతే నాకేంటి, మా ఊరు గెలిచింది!"

జీవితంలో ఆయన చెప్పిన అబద్ధం అదొక్కటే అనుకుంటాను. అందుకే కాబోలు అంత గట్టిగా చెప్పాడు. గేటు దగ్గరున్నవాళ్ళంతా తేనెటీగల్లా ఆయన మీదికొచ్చారు. కాలరు ఒకడి చేతిలో, చెయ్యి ఒకడి చేతిలో. నేను మధ్యలో దూరి, తోసి, తిట్టి, రెండు దెబ్బలు తిన్నాను. మేస్త్రి వచ్చి "వదలండ్రా, వదలండి, పోనీయండి" అని విడదీస్తూనే, "నువ్వు మళ్ళీ ఈ మెట్లెక్కకు" అన్నాడు బావతో. నాన్న దిమ్మ మీదనుంచి కదల్లేదు. కళ్ళు తుడుచుకోవడం చూశాను. ఆ నిమిషంలో నిజం నా నాలుక చివరికొచ్చింది, బావ నా వంక చూసిన చూపుకి మళ్ళీ మింగాను.

గొడవ సద్దుమణిగాక ఇద్దరం గోడకి ఆనుకున్నాం. ఆయన కాలరు సగం ఊడి వేలాడుతోంది. పెదవి చిట్లింది.

"వెళ్ళాడా?" అన్నాడు.

గేటు బార్లా తీసి ఉంది. లోపల ఎవరూ లేరు. మోటార్ సైకిల్ మెయిన్ రోడ్డు మలుపు తిరుగుతూ కనబడింది, ఎవరూ దాని వంక చూడడం లేదు.

"వెళ్ళాడు బావా."

ఊపిరి వదిలాడు. చిట్లిన పెదవిని చేత్తో తుడుచుకుంటూ, నాన్న కూర్చున్న దిమ్మ వైపు చూశాడు.

"కింది డివిజన్లో మనకి మొదటి మ్యాచి ఏ గ్రౌండులోనో కనుక్కో. అక్కడ మెట్లు ఎంత ఎత్తుంటాయో, మామయ్య ఎక్కగలడో లేదో."